బాక్సు వెనక హార్డ్ డిస్కు: నా అనుభవం

తెనాలిలో అమ్మానాన్నల ఇంట్లో ఉన్న డీటీహెచ్ బాక్సుకి రికార్డింగ్ సదుపాయం ఉంది కానీ, రికార్డు చేసింది దాచుకోవడానికి లోపల డిస్కు లేదు. వెనకవైపు ఒక యూఎస్‌బీ పోర్టు మాత్రం ఉంది. పెన్ డ్రైవో హార్డ్ డిస్కో మనమే తెచ్చి తగిలించుకోవాలి. బాక్సు వచ్చాక కొన్నేళ్లపాటు ఆ పోర్టు జోలికి ఎవరూ పోలేదు.

2019లో మా అమ్మాయి నేర్చుకుంటున్న కూచిపూడి బృందానికి తిరుమలలో నాదనీరాజనం వేదిక మీద అవకాశం వచ్చింది. శ్రీవారి ఆలయం ఎదురుగా, సాయంత్రం పూట, ఎస్వీబీసీలో ప్రత్యక్ష ప్రసారం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, కొండకి రాలేనంది. "నేను ఇక్కడే చూస్తాలే గానీ, ఏరా, ఒక్కసారి చూసి ఊరుకోవడమేనా? మళ్లీ చూసుకోవాలంటే ఎలా?" అని అడిగింది. కార్యక్రమానికి ఇంకా మూడు వారాలుంది. నేను సికింద్రాబాద్‌లో ఉంటాను. శనాదివారాలు తెనాలి వెళ్లి ఆ పని చూద్దామనుకున్నాను. డిస్కు తగిలిస్తే అయిపోయే పని అనుకున్నది మూడు వారాలూ పట్టింది.

మొదట నా దగ్గరున్న 16 జీబీ పెన్ డ్రైవ్ పెట్టాను. బాక్సు దాన్ని ఫార్మాట్ చేసుకుంది, రికార్డూ చేసింది. తీరా వేసి చూస్తే నాలుగైదు నిమిషాలకోసారి బొమ్మ ఆగిపోయి, మాట తెగిపోయి, మళ్లీ అందుకుంటోంది. వేగం చాలదేమోనని లెక్క వేశాను. హెచ్‌డీ చానల్ సెకనుకి 8 మెగాబిట్ల చొప్పున వస్తుందనుకున్నా, అది సెకనుకి ఒక్క మెగాబైటు. ఎంత నాసిరకం పెన్ డ్రైవైనా సగటున అంత వేగంతో రాయగలదు. చిక్కు సగటు దగ్గర లేదు. చవక పెన్ డ్రైవ్‌లు రాస్తూ రాస్తూ, లోపల ఖాళీ జాగా సర్దుకోవడానికి సెకనో రెండు సెకన్లో ఆగిపోతాయి. కంప్యూటర్ ఫైలు కాపీ చేసేటప్పుడు అది మనకి తెలియదు, కంప్యూటర్ కాసేపు ఆగుతుంది. ప్రసారం ఆగదు కదా. ఆ రెండు సెకన్లలో వచ్చింది పోయినట్టే. తరంగంలో పాప పళ్లెం అంచుల మీద నిలబడి జతులు వేసే చోట అలా తెగితే? పెన్ డ్రైవ్ ఆలోచన అక్కడితో మానేశాను.

తర్వాతి వారం మా ఇంట్లోని 1 టీబీ పోర్టబుల్ డిస్కు పట్టుకెళ్లాను. తగిలించగానే తెర మీద "కొత్త పరికరం దొరికింది, రికార్డింగ్‌కి సిద్ధం చేయాలా?" అన్న అర్థంలో ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది. కింద ఓకే అన్నది ముందే వెలిగి ఉంది. రిమోట్ నాన్న చేతిలో ఉంది. "ఆగండి నాన్నా, నొక్కకండి!" అని నేను అరిచిన అరుపుకి వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. సిద్ధం చేయడమంటే ఫార్మాట్ చేయడమే. ఆ డిస్కులో పాప పుట్టినప్పటి నుంచీ తీసిన ఫొటోలున్నాయి. డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుందన్న మాట ఆ తెర మీద ఎక్కడా లేదు. ఈ బాక్సులు విండోస్ చదవలేని తమ సొంత పద్ధతిలో డిస్కుని మార్చుకుంటాయి. ఒక డిస్కుని అటు టీవీకీ ఇటు కంప్యూటర్‌కీ వాడుకోవడం కుదరదు. టీవీకిచ్చిన డిస్కు టీవీదే. దాన్ని తీసి లాప్‌టాప్‌కి పెడితే లాప్‌టాప్ కూడా "ఫార్మాట్ చేయమంటారా" అనే అడుగుతుంది. అక్కడ అవునన్నా మన రికార్డింగులు పోతాయి.

అందుకని కొత్త 500 జీబీ పోర్టబుల్ కొన్నాను. పెట్టగానే లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు, దీపం వెలగడం ఆరడం. బాక్సు ఒకసారి డిస్కు ఉందంటుంది, మరుక్షణం లేదంటుంది. డిస్కు పాడైందనుకుని లాప్‌టాప్‌కి పెడితే శుభ్రంగా పనిచేసింది. తేడా కరెంటులో ఉంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లే. పోర్టబుల్ డిస్కు తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని సెకన్లలో దానికి దాదాపు ఒక ఆంపియర్ కావాలి. అంత అందక తిరగబోయి ఆగిపోతోంది, మళ్లీ తిరగబోతోంది. ఆ టిక్కు టిక్కు అదే. రెండు యూఎస్‌బీ పిన్నులున్న వై కేబుల్ తెచ్చి ఒకటి బాక్సుకి, రెండోది టీవీకి పెట్టాను. డిస్కు హాయిగా తిరిగింది. తీరా టీవీ ఆపేసరికి డిస్కూ ఆగింది. టీవీ ఆపితే దాని యూఎస్‌బీ పోర్టులో కరెంటు ఉండదు. రాత్రంతా టీవీ వేసి ఉంచితే తప్ప రికార్డింగ్ జరగని ఏర్పాటు మాకు అక్కర్లేదు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల దుకాణాలుండే సీటీసీలో, సీసీటీవీ సామాన్లు అమ్మే ఒక దుకాణానికి వెళ్లి ఉన్న సంగతంతా చెప్పాను. ఆ కుర్రాడు మొత్తం విని, "టీవీ బాక్సుకైతే అడాప్టర్ ఉన్నదే తీస్కో అన్నా, చిన్న డిస్కులు వద్దు" అన్నాడు. సీసీటీవీ రికార్డర్లలో వేసే 1 టీబీ పెద్ద డిస్కు, దాన్ని పెట్టి యూఎస్‌బీకి కలిపే డబ్బా, అంటే కేసింగ్, కేసింగ్‌కి 12 వోల్టుల అడాప్టర్ ఇచ్చాడు. ఆ డిస్కులు రాత్రింబవళ్లు ఆగకుండా రాయడానికని చేసినవి. సలహా చెప్పాల్సినవాడు దొరికితే పని ఎంత తేలికో అనిపించింది. నేను మొదటి వారమే అతని దగ్గరికి వెళ్లి ఉండాల్సింది. 1 టీబీలో హెచ్‌డీ అయితే గంటకి మూడున్నర జీబీ చొప్పున వేసుకున్నా 250 గంటలకి పైనే పడుతుంది. ఎస్వీబీసీ అప్పట్లో మా బాక్సులో హెచ్‌డీ కన్నా తక్కువ నాణ్యత ఉండే ఎస్‌డీలోనే వచ్చేది, దానికి ఇంకా తక్కువ చాలు.

ఇంకా రెండు తంటాలున్నాయి. పరీక్ష కోసం తెల్లవారుజామున వచ్చే సుప్రభాతం రికార్డు చేయమని రాత్రి టైమ్ పెట్టి పడుకున్నాం. పొద్దున చూస్తే "డిస్కు లేదు" అని ఉంది. కాసేపు పని లేకపోతే డిస్కుని నిద్రపుచ్చే గుణం ఆ కేసింగ్‌లో ఉంది. నాలుగు గంటలకి బాక్సు మేలుకుని అడిగేసరికి డిస్కు తిరగడానికి కొన్ని సెకన్లు పడుతుంది. బాక్సు అంతసేపు ఆగలేదు. వెనక్కి తీసుకెళ్తే ఆ కుర్రాడు పైసా అడగకుండా నిద్రపుచ్చని కేసింగ్ మార్చి ఇచ్చాడు. రెండోది కరెంటు కోత. టీవీ, బాక్సు ఇన్వర్టర్ మీద ఉన్నాయి. డిస్కు అడాప్టర్‌ని మాత్రం నేను పక్కనున్న మామూలు ప్లగ్గులో పెట్టాను. కరెంటు పోగానే బాక్సు నడుస్తూనే ఉంది, డిస్కు ఆగింది, అప్పటిదాకా అయిన రికార్డింగ్ తెరుచుకోలేదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి మూడింటినీ ఇన్వర్టర్ లైన్లోకే మార్చాను.

కార్యక్రమం రోజు నేను తిరుమలలో ఉన్నాను. చానల్ గైడ్‌లో ఉన్న టైమ్‌ని నమ్మొద్దనీ, ప్రత్యక్ష ప్రసారం కాస్త ముందో వెనకో అవుతుందనీ చెప్పి, నాన్న చేత చేత్తోనే టైమ్ పెట్టించాను. పది నిమిషాల ముందు మొదలై, అరగంట ఆలస్యంగా ఆగేలా. పాప పళ్లెం మీద నిలబడ్డప్పుడు నేను వేదిక పక్కన ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. దిగొచ్చాక ఫోన్ చేస్తే అమ్మ గొంతు వణికింది. "మొత్తం పడిందిరా. రెండోసారి కూడా చూసేశాం" అంది. ఆ తర్వాత మూడేళ్లలో అమ్మ ఎన్నిసార్లు చూసిందో! ఇంటికి ఎవరొచ్చినా కాఫీ చేతికిచ్చి అదే వేసేది.

2022 జూలైలో ఒక సాయంత్రం పిడుగు పడింది. టీవీలో బొమ్మ రావడం లేదని నాన్న ఫోన్ చేశారు. బాక్సు హెచ్‌డీఎంఐ పోర్టు పోయింది. కంపెనీ కొత్త బాక్సు పంపింది. టెక్నీషియన్ పాతది విప్పి, కొత్తది బిగించి, డిస్కు దానికి తగిలించగానే తెర మీద మళ్లీ అదే ప్రశ్న, సిద్ధం చేయాలా అని. ఈసారి అమ్మ రిమోట్ లాక్కుని నాకు ఫోన్ చేసింది. టెక్నీషియన్‌తో మాట్లాడితే నాకు కాళ్లలో సత్తువ పోయింది. రికార్డు చేసిన ప్రతిదాన్నీ బాక్సు తన లోపలి చిప్‌తో, వ్యూయింగ్ కార్డుతో (మన కనెక్షన్‌ని గుర్తుపట్టడానికి బాక్సులో పెట్టే కార్డు) ముడిపెట్టి తాళం వేస్తుంది. డిస్కు మాదే, మేమే కొన్నాం. తాళంచెవి మాత్రం పాత బాక్సులో ఉంది. ఆ పాత బాక్సుని ఆయన తీసుకెళ్లిపోతాడు. ఈ మాట రికార్డింగ్ మొదలుపెట్టిన రోజున ఎవరూ చెప్పలేదు. కాల్ సెంటర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. బాక్సు మారితే రికార్డింగులు రావు, అంతే అన్నారు. ఒక మనిషి ఇంట్లో మళ్లీ దొరకని దృశ్యం ఉండవచ్చునన్న ఆలోచన ఆ సదుపాయం తయారుచేసినవాళ్లకి రావాల్సింది. నాకు ఇప్పటికీ ఆ కోపం పోలేదు.

అమ్మ ఆ టెక్నీషియన్‌ని కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది. పాత బాక్సు మాత్రం ఇవ్వలేదు. "మా మనవరాలు అందులో ఉంది బాబూ, రెండ్రోజులు ఆగు" అందట. ఆయన మంచివాడు. కార్డుని ఇంకా కొత్త బాక్సుకి మార్చలేదు, మార్చితే పాతది పూర్తిగా పనికిరాకుండా పోయేది. రెండ్రోజుల తర్వాత వస్తానని కొత్త బాక్సు విప్పుకుని వెళ్లిపోయాడు.

పోయింది హెచ్‌డీఎంఐ మాత్రమే. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత ఏవీ పోర్టు బతికే ఉంది. ఆ సిగ్నల్‌ని లాప్‌టాప్‌లోకి తీసుకునే చిన్న యూఎస్‌బీ కాప్చర్ పరికరం వెయ్యి రూపాయల లోపే సీటీసీలో దొరికింది. అది పట్టుకుని రాత్రి రైలెక్కాను. తెల్లారి పాత బాక్సుకి కార్డూ డిస్కూ తగిలిస్తే రికార్డింగుల పట్టిక వచ్చింది. నాన్న చేతులు జోడించారు.

ఇది కాపీ చేయడం కాదు. కార్యక్రమం నడుస్తుంటే లాప్‌టాప్ దాన్ని మళ్లీ రికార్డు చేస్తుంది. గంటా నలభై నిమిషాల ప్రసారానికి గంటా నలభై నిమిషాలూ పడుతుంది. మొదటిసారి తీసినదాంట్లో మృదంగం వెనక గుంయ్‌మని ఒకటే రొద. లాప్‌టాప్ చార్జర్ వల్ల వస్తుందని తట్టి, చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే పోయింది. రెండోసారి పిల్లలందరూ సన్నగా, పొడుగ్గా కనిపించారు. బాక్సు పంపేది వెడల్పు బొమ్మే అయినా లాప్‌టాప్ దాన్ని పాత టీవీ కొలతలోకి నొక్కేస్తోంది. సాఫ్ట్‌వేర్‌లో 16:9 అని చెప్పాక సరిపోయింది. మూడోసారి నొక్కి ముగ్గురం కదలకుండా కూర్చున్నాం. లాప్‌టాప్ బ్యాటరీ పద్దెనిమిది శాతానికి వచ్చేసరికి మంగళం పాడుతున్నారు.

720 బై 576 చుక్కల బొమ్మ. అసలు ప్రసారమూ ఎస్‌డీనే కాబట్టి పెద్ద తేడా కనిపించలేదు. ఫైలు రెండు జీబీ చిల్లర వచ్చింది. లాప్‌టాప్‌లో ఒకటి, నా పోర్టబుల్ డిస్కులో ఒకటి, పాత 16 జీబీ పెన్ డ్రైవ్‌లో ఒకటి పెట్టాను. రాయడానికి పనికిరాని ఆ పెన్ డ్రైవ్ చదవడానికి ఇబ్బంది పెట్టలేదు. టీవీకి నేరుగా పెడితే పాప అలాగే పళ్లెం మీద నిలబడింది. అమ్మ చివరిదాకా చూసి, ఇప్పుడు నమ్మకం కుదిరింది అంది.

మర్నాడు టెక్నీషియన్ వచ్చి కొత్త బాక్సు బిగించి కార్డు మార్చాడు. పాత బాక్సుని అమ్మే తుడిచి ఆయన చేతికిచ్చింది. తర్వాత డిస్కు తగిలించాం. తెర మీద అదే ప్రశ్న, ఓకే వెలుగుతూ. నేను మూడు కాపీలూ మళ్లీ ఒకసారి తెరిచి చూసుకున్నాను. నాన్న రిమోట్ పట్టుకుని నా వంకే చూస్తున్నారు.

"నొక్కమంటావా?"

"నొక్కండి నాన్నా."