పెళ్లి సంచిలో చీము సీసా

కుట్లు తీసి నాలుగు రోజులైంది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

జ్వరం, కుడి డొక్కలో పోటు. మా ఊరి డాక్టరు గారు నిమోనియా అని మాత్రలు మార్చి మార్చి నెలన్నర లాగారు. ఎక్స్‌రేలో కుడివైపు సగం తెల్లగా ఉన్నా "మందులకే తగ్గుతుందమ్మా" అన్నారు. చివరికి పెద్దాసుపత్రిలో సూదితో లాగితే వచ్చింది చీము. ఎంపయీమా అట, అంటే ఊపిరితిత్తి చుట్టూ చీము చేరడం. పక్కటెముకల మధ్య గొట్టం వేసి, రెండో కొస నీళ్లున్న సీసాలో ముంచారు. ఊపిరి పీలిస్తే గొట్టంలో నీళ్లు పైకి, వదిలితే కిందికి.

ఇరవై రెండు రోజులు ఆ సీసాతోనే నా కాపురం. మంచం మీద ఉన్నంతసేపూ పర్వాలేదు. సీటీ స్కాన్ వేరే బ్లాకులో, వీల్‌చైర్ లేదు, నడవమన్నారు. లిఫ్టులో ఒకావిడ సీసాలోకి చూసి, పిల్లాణ్ణి వెనక్కి లాక్కుని "టీబీనా?" అంది. నన్ను కాదు, మా అక్కని. నేను గోడవైపు తిరిగి నిలబడ్డా.

రెండోసారి స్కాన్‌కి అక్క ఆ సీసాని ఎవరిదో పెళ్లిలో ఇచ్చిన సంచిలో పెట్టింది. సంచి మీద "మీ రాకే మాకు ఆనందం". అక్కడ వార్డుబాయ్ దాన్ని తీసి బల్ల మీద, నా పక్కనే పెట్టేశాడు. సీసా ఎప్పుడూ ఛాతీకి కిందే ఉండాలి, లేకపోతే అందులోది తిరిగి లోపలికి పోతుంది. అరిచాను. "మాకు తెలీదా?" అన్నాడు. తెలీదు! టెక్నీషియన్ పరిగెత్తుకొచ్చి దించాడు. వార్డుకెళ్తే సిస్టరు మళ్లీ మమ్మల్నే తిట్టింది. సంచిలో దాస్తే చీము ఎంత వచ్చిందో, బుడగలు వస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుందని. నిజమే. కానీ ఆ లిఫ్టులో నిలబడింది నేను.

స్కాన్ చూసి సర్జన్ గారు, "మొదట్లోనే వచ్చుంటే గొట్టంతోనో, కెమెరా పెట్టి చిన్న కన్నాలతోనో అయిపోయేది. ఇప్పుడు ఊపిరితిత్తి మీద తొక్క కట్టింది, ఒలిస్తేగానీ విచ్చుకోదు" అన్నారు. దాన్నే డీకార్టికేషన్ అంటారు. పక్కన కోసి ఒలిచారు. ఆపరేషన్ గురించి రాయడానికేం లేదు, నేను మత్తులో ఉన్నా.

చీము పరీక్షలో దొరకని టీబీ ఆ తొక్క ముక్క బయాప్సీలో దొరికింది. ఆరు నెలల మందులు. మూత్రం నారింజరంగులో వస్తే కంగారుపడకండి, అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు. ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో వేస్తుంది, మొహమాటపడకుండా వివరాలివ్వండి. నా కళ్లె పరీక్షలో ఏమీ లేదు, స్కాన్‌లో ఊపిరితిత్తి లోపల కూడా ఏమీ లేదు. ఇలా పైపొరకే ఉన్న టీబీ పక్కవాళ్లకు అంటదు. లిఫ్టు ఆవిడ దొరికితే చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తి విచ్చుకోవడానికి మూడు బంతుల పరికరం ఇస్తారు. రెండు రోజులు బుగ్గలు నొప్పెట్టేలా ఊదాను. ఊదేది కాదు, పీల్చేదట! కోత కింద రొమ్ము దాకా తిమ్మిరి ఇంకా ఉంది, బ్రా పట్టీ ఆనితే చురుక్కుమంటుంది. ఇది ముందే చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు, అందరూ మగ డాక్టర్లే మరి.