గొంతు పోయింది అరిచి కాదు

చిత్తూరు బెల్లం మండీలో 26 ఏళ్లుగా వేలం వేస్తున్న నాకు గొంతు బొంగురుపోతే, అరిచి అరిచి పోయిందని అందరూ అనుకోవడంలో వింత లేదు. నేనూ అలాగే అనుకొని మిరియాల కషాయంతో నెల గడిపాను. తరువాత చూపించుకున్న వైద్యుడు నా వృత్తి అడిగాడు గాని, సాయంత్రాలు జ్వరం వస్తోందా, బరువు తగ్గావా అని అడగలేదు. గ్యాస్ పైకి తన్నుతోందని మాత్రలు రాశాడు. మరో మూడు నెలలకు ఉమ్మి మింగినా చెవిదాకా పోటు పుట్టేది.

తిరుపతిలో గొట్టం వేసి చూస్తే స్వరతంత్రి మీద పుండుపడిన గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. బయట బల్ల మీద కూర్చున్న నన్ను చూసి ఒక కుర్ర డాక్టరు, "బీడీలు తాగేటప్పుడు తెలియలేదా పెద్దాయనా?" అని నవ్వాడు. అప్పటికి ఏ రిపోర్టూ రాలేదు. ఆ రాత్రి సత్రం గదిలో నా భార్య గోవింద నామాలు చెప్పుకొంటూ ఉంటే, నేను పాత రసీదు పుస్తకం వెనుక ఎవరికెంత బాకీ ఉన్నానో రాస్తూ కూర్చున్నాను. "ఏమి రాస్తా ఉండారు?" అని ఆమె అడిగితే, జవాబు చెప్పడానికి గొంతు లేక, కాగితం బోర్లించాను.

రిపోర్టులో క్యాన్సర్ లేదు, క్షయ అని ఉంది. కఫంలోనూ క్రిములు కనబడ్డాయి. గొంతు క్షయ చూపుకు క్యాన్సర్ లాగే ఉంటుందని, ముక్క పరీక్ష చేయనిదే తేలదని ఓపికగా చెప్పిన పెద్ద డాక్టరమ్మకు రెండు చేతులా దండం పెట్టాను. మొదటి వైద్యుణ్ణి మాత్రం నేటికీ క్షమించలేదు. కారణం మా మనవరాలు. మాట పైకి రాక, ఆ నాలుగు నెలలూ నాలుగేళ్ల పిల్లను దగ్గరకు లాక్కొని చెవిలో గుసగుసగా కథలు చెప్పాను. ఈ జబ్బు ఇతరులకు సులువుగా అంటుతుందని విన్నప్పుడు, క్యాన్సరే నయమనిపించింది. పిల్లకు ఎక్స్‌రే తీసి, జబ్బు లేదని తేల్చి, ముందుజాగ్రత్తగా మందు ఇచ్చారు.

ఆరు నెలలు రోజూ మాత్రలు మింగాను. మూత్రం నారింజ రంగుకు తిరిగింది. రెండో నెలకే మింగడం సులువై, ఇక మానేద్దామన్న దుర్బుద్ధి పుట్టింది గాని నా భార్య మాననివ్వలేదు. మానకండి. బొంగురు మూడు వారాలు దాటితే గొట్టం వేసి చూడమనండి; దగ్గూ ఉంటే కఫం పరీక్ష అడగండి, సర్కారు ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు.

కాణిపాకంలో మొక్కు తీర్చుకొని మండీకి వెళ్లాను. రెండు రాసులకు వేలం వేసేసరికి గొంతు జీర పట్టి, మూడోది మా అబ్బాయికి వదిలాను. మనవరాలు ఇప్పటికీ కథ కావాలంటే చెవి తెచ్చి నా నోటికి ఆనిస్తుంది. భయం లేదని డాక్టరమ్మ చెప్పినా, కొంచెం జరిగి కూర్చోమంటాను.