పాప కౌంట్లు పడిపోయిన రోజులు

ఆరేళ్ల మా పాపకు సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించి తన అవయవాలనే దెబ్బతీసుకునే స్థితి) వచ్చినప్పుడు తెల్ల రక్తకణాలు పెరగలేదు, పడిపోయాయి. ఖమ్మంలో చేయించిన మొదటి సీబీపీలో (రక్తకణాలను లెక్కించే పరీక్ష) 2,100 అని ఉంది. ఆ వయసు పిల్లల్లో కనీసం 5,000 ఉండాలి. వర్షాకాలం, విడవని జ్వరం, తగ్గిన కౌంట్లు, ఈ మూడూ కలిస్తే మా వైపు డెంగీ తప్ప మరో పేరు ఎవరి నోటా రాదు. అత్తయ్యగారు బొప్పాయి ఆకులు తెప్పించేసరికే పిల్ల పిలిచినా సరిగా పలకడం మానేసింది.

హైదరాబాదులో మేము చేర్చిన ఆసుపత్రిలో డాక్టరుగారు ముందు రిపోర్టు అడగలేదు. పాప చేతివేలి గోరు నొక్కి వదిలి, తెల్లబడిన చోటికి మళ్లీ రంగు ఎప్పుడు వస్తుందా అని చూశారు. రెండు సెకన్లలో రావలసింది నాలుగు దాటినా రాలేదు. ఒళ్లు కాలిపోతున్నా పాదాలు మాత్రం చల్లగా ఉన్నాయి. తొడ వెనక సెగగడ్డ చూసి, "ఇది ఎప్పటి నుంచి ఉందమ్మా?" అని అడుగుతూనే సూక్ష్మజీవిని పెంచి గుర్తించే కల్చర్‌కు రక్తం తీయించి, యాంటీబయాటిక్, సెలైన్ మొదలుపెట్టించారు. షాక్‌లో ఉన్న పిల్లలకు యాంటీబయాటిక్ మొదటి గంటలోనే పడాలట.

డెంగీ పరీక్షలో ఏమీ రాలేదు. కల్చర్‌లో స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా పెరిగింది. అయితే నాకు అసలు సంగతి అర్థమైంది రక్తాన్ని మైక్రోస్కోపు కింద చూసి ఇచ్చిన స్లైడు రిపోర్టు వచ్చాకే. చీము పట్టిన చోటికి ముందుగా వెళ్లి సూక్ష్మజీవులను మింగేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు. పాప శరీరంలో అవి రక్తనాళాల గోడలకు అంటుకుని, కణజాలంలోకి దిగి, అక్కడే ఖర్చయిపోతుంటే, ఎముక మూలుగ ఆ వేగానికి సరిపడా కొత్తవి తయారుచేయలేక ఇంకా ముదరని బ్యాండ్ కణాలనే రక్తంలోకి వదులుతోంది. "గింజ పాలు పోసుకోకముందే పైరు కోసుకుంటున్నట్టు" అన్నారు డాక్టరుగారు. అంటే ఆ 2,100 ఇన్ఫెక్షన్ లేదనడానికి గుర్తు కాదు, నిల్వ అడుగంటిందనడానికి గుర్తు.

ఆ కణాలవల్లే నష్టమూ ఉంటుందని పీఐసీయూ (పిల్లల ఐసీయూ) బయట కూర్చున్న రోజుల్లో తెలుసుకున్నాను. న్యూట్రోఫిల్స్ తమ డీఎన్‌ఏనే వలగా విసిరి సూక్ష్మజీవులను పట్టేస్తాయని 2004లో శాస్త్రవేత్తలు కనుగొన్నారు. సెప్సిస్‌లో ఆ వలలు మితిమీరితే సన్నని రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బిడ్డను కాపాడవలసినవే బిడ్డకు హాని చేస్తున్నాయన్న మాట జీర్ణించుకోవడం ఏ తల్లికైనా కష్టం.

తర్వాత కౌంట్లు 19,000కు ఎగబాకాయి. అత్తయ్యగారు భయపడిపోయారు కానీ డాక్టరుగారి ముఖంలో మాత్రం మొదటిసారి తేలిక కనిపించింది. బ్యాండ్ కణాల శాతం తగ్గుతోంది, మందు సాయం లేకుండానే బీపీ నిలబడుతోంది, మూత్రం ధారాళంగా వస్తోంది, కాబట్టి ఆ పెరుగుదల మూలుగ కోలుకుంటోందనడానికే సూచన. ఒకే అంకె ఒక రోజు ప్రమాదం, మరో రోజు ఊరట కాగలదు. 2005 నాటి నిర్వచనంలో పిల్లల సెప్సిస్‌కు తెల్లకణాల సంఖ్య కూడా ఒక కొలతగా ఉండేది. 2024 జనవరిలో వెలువడిన ఫీనిక్స్ అనే కొత్త ప్రమాణాల్లో దాన్ని తీసేసి ఊపిరితిత్తులు, రక్తప్రసరణ, రక్తం గడ్డకట్టే తీరు, స్పృహ ఎలా ఉన్నాయో చూడమన్నారు. మా పాప విషయంలో నేను కళ్లారా చూసింది కూడా అదే.

ఇంటికి వచ్చాక కోలుకోవడం నెలల మీద సాగింది. జడ వేస్తుంటే దువ్వెన నిండా జుట్టు వచ్చేది. తీవ్రమైన జబ్బు తర్వాత అలా రాలి మళ్లీ వస్తుందని ముందే చెప్పారు, అలాగే వచ్చింది. సెప్సిస్ తగ్గాక కొంతకాలం లింఫోసైట్లు అనే తెల్లకణాలు మందగించి, కొత్త ఇన్ఫెక్షన్లు సులువుగా సోకవచ్చు కాబట్టి, మిగిలిన టీకాలు వేయించి, దెబ్బ తగిలిన ప్రతిసారీ సబ్బునీళ్లతో కడుగుతున్నాం. ఇప్పుడు పాప బడికి వెళుతోంది. జ్వరంతో పాటు పాదాలు చల్లబడినా, మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా సీబీపీ కోసం ఆగకుండా నేరుగా తీసుకురమ్మని డాక్టరుగారు డిశ్చార్జి కాగితం మీద రాసి ఇచ్చారు.