ఇన్సులిన్ వేసుకుని తినేలోపు ఆ పదిహేను నిమిషాలు

టైప్ 1 డయాబెటిస్ అని తేలగానే నాకు ముందు మొదలుపెట్టింది రోజుకొకసారి వేసుకునే, రోజంతా నిదానంగా పనిచేసే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్. దాంతో పరగడుపు షుగర్ దారికొచ్చింది కానీ, తిన్నాక మీటర్ చూడాలంటే మాత్రం టెన్షనే. నా రీడింగులు చూసి డాక్టరుగారు "ఇక భోజనానికి ముందు వేసుకునేది కూడా కలుపుదాం" అన్నారు. అంటే జబ్బు ముదిరిందా అని అడిగేశాను. ఆవిడ కాదన్నారు. ఆరోగ్యంగా ఉన్న క్లోమం రోజంతా కొద్దికొద్దిగా ఇన్సులిన్ వదులుతూనే, తిన్నప్పుడు ఎక్కువ వదులుతుందట. టైప్ 1లో మన రోగనిరోధక వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను దెబ్బతీస్తుంది కాబట్టి ఆ రెండు పనులూ మనమే చేయాలి. ఇన్నాళ్లూ నేను ఒక పనే చేస్తున్నానన్నమాట.

సూది గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఇన్సులిన్ పెన్‌కి తగిలించే సూది 4 మిల్లీమీటర్లే. ప్రతిసారీ కొత్త సూది, ముందు 2 యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క వస్తోందో లేదో చూడటం, ఆ తర్వాత డోసు తిప్పి, గుచ్చి, బటన్ పూర్తిగా నొక్కి పది లెక్కపెట్టడం. ఎప్పుడూ ఒకేచోట వేసుకుంటే అక్కడ గడ్డకట్టినట్టు అవుతుంది, ఇన్సులిన్ కూడా సరిగ్గా ఒంటికి పట్టదు. అందుకే పొట్ట మీద చోటు మారుస్తూ ఉండాలి.

అసలు కష్టం టైమింగ్‌తో వచ్చింది. భోజనానికి ముందు వేసుకునేది ఫాస్ట్ యాక్టింగ్ అన్నారు కదా, వేసుకున్న క్షణం నుంచే పని మొదలవుతుందనుకుంటాం. నాకిచ్చిన రకం మొదలవడానికే పావుగంట దాకా పడుతుంది. దాని జోరు ఒకటి రెండు గంటల మధ్య ఉంటుంది, మొత్తం ప్రభావం మూడు నుంచి ఐదు గంటలు. ఈలోగా తిండి ముందే రక్తంలోకి చేరిపోతే షుగర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే తినడానికి పది పదిహేను నిమిషాల ముందు వేసుకోమన్నారు. ఇంట్లో ఇది సులువే. నలుగురి మధ్య ఉన్నప్పుడే తంటా. "ఐదు నిమిషాల్లో వడ్డించేస్తాం" అనే మాటను నమ్మి ఇన్సులిన్ వేసుకోవడమంత సాహసం ఇంకోటి లేదని నా అభిప్రాయం. బయట మాత్రం భోజనం కళ్లముందుకు వచ్చాకే వేసుకుంటాను. తిన్నాక షుగర్ కాస్త పెరిగినా సరే, తిండి లేకుండా పడిపోవడం కంటే నయం.

డోసు లెక్కను డైటీషియన్ నేర్పారు. నాకు మొదట ఇచ్చిన రేషియో 15 గ్రాముల పిండిపదార్థాలకు 1 యూనిట్. 60 గ్రాములు తింటే 4 యూనిట్లు. భోజనానికి ముందే షుగర్ ఎక్కువగా ఉంటే దాన్ని దించడానికి కరెక్షన్ అనే అదనపు డోసు కలపాలి, 1 యూనిట్‌కి 50 దాకా తగ్గుతుందన్న అంచనాతో. ఇవి నాకిచ్చిన అంకెలు, ఇంకొకరివి వేరేగా ఉంటాయి. మొదట్లో వంటింటి త్రాసు ముందు పెట్టుకుని తినడం చిరాకేసింది కానీ, కంటికి కొలత అలవాటయ్యేది దానివల్లే.

లెక్క కుదిరాక కూడా ఓపిక కావాలి. ఒకరోజు తిన్న రెండు గంటలకు 220 చూపించింది. చెయ్యి పెన్ మీదకే పోయింది. అయితే వేసిన డోసు ఇంకా లోపల పనిచేస్తూనే ఉంటుందని, దాని మీద ఇంకో డోసు పడితే రెండూ కలిసి షుగర్‌ను కిందికి లాగేస్తాయని నర్సు ముందే గట్టిగా చెప్పి ఉన్నారు. పెన్ తీసి అల్మరాలో పెట్టేశాను. నాలుగు గంటలకు చూస్తే 130. ఆ రోజు నుంచి రెండు గంటల అంకె చూసి కంగారుపడటం తగ్గింది, పూర్తిగా పోలేదు.

లో షుగర్ కూడా చూశాను. మామూలు డోసే, మామూలు భోజనమే, ఆ తర్వాత చాలాసేపు నడిచాను. చెమటలు, చేతుల్లో వణుకు, ఎవరు పలకరించినా కోపం. మీటర్‌లో 62. 70 కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తీసుకోవాలి. చెప్పడానికి ఎంత తేలికో! ఆ సమయంలో ఎదురుగా ఉన్నదంతా తినేయమంటుంది ఒళ్లు. గ్లూకోజ్ బిళ్లలు నమిలి, గడియారం చూస్తూ కూర్చున్నాను. మరుసటి రోజు ఇంట్లోవాళ్లందరికీ చెప్పి ఉంచాను: నేను స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, షుగర్ పెంచే గ్లూకగాన్ మందు ఇచ్చి అంబులెన్స్ పిలవండి అని.

కొన్ని వారాలకు అవే డోసులకు షుగర్ మరీ తగ్గడం మొదలైంది. నయమైపోతోందేమోనని లోపల ఆశ. దీన్ని హనీమూన్ దశ అంటారని, మిగిలిన బీటా కణాలు కొంతకాలం కాస్త కోలుకుంటాయని, అయినా ఇన్సులిన్ మాత్రం మానకూడదని డాక్టరుగారు చెప్పి రేషియో మార్చారు. ఇప్పుడు పొద్దున ఒక లెక్క, రాత్రి ఇంకో లెక్క. పెన్ తెరిచిన రోజున తేదీ రాసుకుంటాను, 28 రోజులయ్యాక అందులో ఇన్సులిన్ మిగిలినా పారేయాలి కాబట్టి. ఇక ఎక్కువ నడిచే రోజుల్లో భోజనం డోసు ఎంత తగ్గించాలన్నది తేలాలి. దానికోసం నడక టైము కూడా రీడింగుల పక్కనే రాస్తున్నాను, వచ్చేసారి డాక్టరుగారికి చూపించడానికి.