కీబోర్డులోనే కంప్యూటర్: ఎనిమిది నెలలు వాడాక

నేను తెనాలిలో డీటీపీ పని చేస్తాను. ఇంట్లో ఉన్న పాత సీపీయూ కిందటేడు మూలన పడింది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి కోడింగ్ నేర్చుకోవాలని ఉంది. నాకేమో రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని మ్యాటర్ కొట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. ల్యాప్‌టాప్‌కి డబ్బు సర్దుబాటు కాలేదు. అలా రాస్ప్‌బెర్రీ పై 400 ఇంటికొచ్చింది.

2020 నవంబరులో 70 డాలర్ల ధరతో వచ్చిన మోడల్ ఇది. 2024 చివర్లో దీని తర్వాతిది, పై 500, కూడా వచ్చింది. చూస్తే చిన్న తెల్ల కీబోర్డు, అంతే. ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, వైఫై అన్నీ మీటల కిందే. ఫ్యాను లేదు, వేడిని లాగడానికి లోపల వెడల్పాటి రేకు ఒకటి ఉంటుంది. అందుకే అర్ధరాత్రి పని చేసుకుంటున్నా హాల్లో పడుకున్న అమ్మకి నిద్ర చెడదు.

కేబుల్, చార్జర్ కలిసొచ్చే కిట్టు కాకుండా కీబోర్డు ఒక్కటే కొనడం నేను చేసిన పొరపాటు. తెరగా వాడుకునే మా టీవీకున్న హెచ్‌డీఎంఐ కేబుల్ దీనికి పట్టలేదు, ఇటువైపు మైక్రో హెచ్‌డీఎంఐ ఉండాలి. ఆ కేబుల్ కోసం విజయవాడ వెళ్లాను. ఫోన్ చార్జర్ పెడితే వోల్టేజి చాలడం లేదని తెర మీద హెచ్చరిక. 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే చార్జర్ తెచ్చాకే అది పోయింది. ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం కూడా లేదు, మాట టీవీలోంచే రావాలి.

తెలుగు దగ్గర భయపడ్డాను కానీ అదే సులువుగా తేలింది. తెలుగు టైపింగుకు ఐబస్, ఎం17ఎన్ అనే సాఫ్ట్‌వేర్లు, నోటో ఫాంట్లు ఎక్కిస్తే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరిక వచ్చేసింది. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. 'క్క' కావాలంటే కే, డీ, కే. డీ మీద పొల్లు ఉంటుంది. లిబ్రే ఆఫీసులో ఒత్తులు చక్కగా పడ్డాయి. యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, వెబ్‌లో కనిపించే తెలుగులో, అడిగేవాళ్ల పని మొత్తం ఇప్పుడు దీని మీదే చేస్తున్నాను. పెళ్లి కార్డులు మాత్రం షాపులోనే. వాటికి వాడే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను తెలుగు ఫాంట్లు విండోస్‌వి, ఇది నడిచేది లినక్స్ మీద. పక్కన నంబర్ల మీటలు లేవు కాబట్టి బిల్లులు కొట్టడం కూడా ఇబ్బందే.

అసలు దెబ్బ కరెంటుతో తగిలింది. దీనికి బ్యాటరీ ఉండదు. మూడో నెలలో ఓ రాత్రి నలభై పేజీల పని మధ్యలో ఉండగా కరెంటు పోయింది. తిరిగొచ్చాక ఎంత చూసినా మొదలవలేదు, సిస్టమ్, ఫైళ్లు అన్నీ ఉండే మెమరీ కార్డు చెడిపోయింది. సగం మ్యాటర్ పెన్‌డ్రైవ్‌లో ఉంది, మిగతాది మళ్లీ కొట్టాను. ఆ వారమే చిన్న యూపీఎస్ కొన్నాను, కార్డు బదులు యూఎస్‌బీకి ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డ్రైవ్ తగిలించి దాని నుంచే స్టార్ట్ అయ్యేలా చేశాను. వేగం కూడా పెరిగింది. ఇవాళ ఎవరడిగినా ముందు ఈ రెండూ లెక్కలో వేసుకోమంటాను. పని అయ్యాక ఎఫ్ఎన్ పట్టుకుని ఎఫ్10 నొక్కి ఆపడం ఇంట్లో అందరికీ అలవాటైంది. టీ గ్లాసు దాని దగ్గరికి రానివ్వం. మామూలు కీబోర్డు మీద ఒలికితే కీబోర్డే పోతుంది, ఇక్కడ కంప్యూటరే పోతుంది.

ఒళ్లో పెట్టుకుని వాడొచ్చనుకున్నాను. కుదరదు. వెనక నుంచి కరెంటు వైరు, టీవీ వైరు, మౌస్ వైరు, ఎస్‌ఎస్‌డీ వైరు, ఏది కదిలినా అన్నీ కదులుతాయి.

అమ్మాయికి మాత్రం ఇంతకంటే మంచిది దొరికేది కాదనిపిస్తుంది. వెనక తీగలు తగిలించుకునే 40 పిన్నుల వరుస ఉంది. పిల్లల కోడింగ్ భాష స్క్రాచ్ అయ్యాక పైథాన్ భాష మొదలుపెట్టి, ఓ ఆదివారం రెండు తీగలు, ఒక రెసిస్టరు, ఒక ఎర్ర ఎల్‌ఈడీ కలిపింది. మొదటిసారి వెలగలేదు. ఎల్‌ఈడీ కాళ్లు తిప్పి పెట్టింది, వెలిగింది. "నాన్నా, చూడు, నేను రాసిందే వెలిగిస్తోంది!" అని అరిచింది. ల్యాప్‌టాప్ మీద ఇంత నేరుగా తీగలు తగిలించే వీలుండదు.

ఇంకా తేలాల్సింది తెర సంగతి. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా టీవీ అమ్మది, ఆ సీరియళ్లు ఆపమనడం నాకిష్టం లేదు. అమ్మాయి చదువుకునే వేళా అదే. సెకండ్‌హ్యాండ్ మానిటర్ ఒకటి మాట్లాడి పెట్టాను, వచ్చే వారం తెస్తాను.