పన్నెండు తీగల గిటార్: తప్పు నా వేళ్లది కాదు

రెండు నెలల తంటా నిన్న రాత్రి తీరింది. ఎఫ్ కార్డ్ పట్టి మీటితే పన్నెండు తీగలూ మోగాయి. ఆ ఊపులోనే రాస్తున్నా.

పదిహేనేళ్లుగా మా చర్చి క్వయర్‌లో గిటార్ వాయిస్తున్నా. కీబోర్డు మోతలో ఆరు తీగలు వినపడవు. పన్నెండు తీగలదైతే నిండుగా ఉంటుంది. నాలుగు లావు తీగల పక్కన ఒక స్థాయి పైన పలికే సన్న తీగలుంటాయి, మిగతా రెండు జతలూ ఒకే శ్రుతి. యమహా ఎఫ్‌జీ820-12 గిటార్ నా 15,000 రూపాయల బడ్జెట్‌కు అందలేదు. విజయవాడలో ఒక షాపులో లామినేట్ చెక్కది (పలుచని పొరలు అతికించిన చెక్క) 13,500కి కొన్నా. గంటలో పనైపోయింది.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు కథ. ఎఫ్ లాంటి బార్ కార్డ్ (ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేది) పట్టలేకపోయాను. నాలుగు రోజులకే వేళ్లు బొబ్బలెక్కాయి. షాపుకు తీసుకెళ్తే యజమాని రెండు సార్లు మీటి, "ట్వెల్వ్ స్ట్రింగ్ అంటే ఇంతే బాబూ. ముందు ఆరు స్ట్రింగులది బాగా నేర్చుకో" అన్నాడు. పక్కనే కొడుక్కి గిటార్ కొనడానికి వచ్చిన ఒకాయన నా వైపు జాలిగా చూశాడు. నాకు నోరు పెగల్లేదు. సర్వీసింగ్ అని 1,500 తీసుకుని, పది రోజులు ఉంచుకుని, తుడిచి, కొత్త స్ట్రింగులు వేసి ఇచ్చాడు. మెడ మీద తీగల ఎత్తు ఎక్కడిదక్కడే. వాయిద్యం అమ్మేవాడు స్కేలు పెట్టి చూడకుండా కొనేవాడి వేళ్లను తప్పు పట్టడం అన్యాయం. చిన్నపిల్లలైతే ఆ మాటకే గిటార్ మానేస్తారు.

చివరికి నేనే స్టీలు స్కేలు పెట్టాను. పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కమ్మీ) మీద లావు తీగ 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. 2.5 ఉంటే హాయిగా వాయించొచ్చు. తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ డొల్లకు కలిసే చోటా నొక్కి చూస్తే మధ్యలో విజిటింగ్ కార్డు వదులుగా దూరింది. అంటే మెడ వంగింది. తీగలు వదులు చేసి, మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను కుడివైపు పావు చుట్టు తిప్పి, ఒక రోజు ఆగి, మళ్లీ పావు. 3.3కి దిగింది. తొందరపడి ఒకేసారి తిప్పొద్దు, రాడ్ పాడవుతుంది.

మిగిలింది శాడిల్, అంటే డొల్ల మీద తీగలు ఆనే సన్న పట్టీ. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎంత తగ్గాలో దానికి రెట్టింపు శాడిల్ అడుగున అరగదీయాలి. నాకు 0.8 తగ్గాలి కాబట్టి 1.6. పెన్సిల్ గీత గీసి, అద్దం మీద శాండ్ పేపర్ పరిచి, నిటారుగా పట్టుకుని రుద్దాను. తెల్లటి పొడి గోళ్లలోకి దూరింది. గీత దాకా రాగానే ఆపి బిగించాను.

పూర్తి శ్రుతిలో పన్నెండు తీగల లాగుడు వంద కిలోలు దాటుతుంది. చవక గిటార్‌లో బ్రిడ్జి (శాడిల్‌ను పట్టి ఉంచే చెక్క) లేచేది అందుకే. నేను అన్నీ ఒక స్వరం తగ్గించి, రెండో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు) పెడుతున్నా. పాట పాత శ్రుతిలోనే వస్తుంది. మూడో జతలోని సన్న తీగ అన్నిటికంటే ముందు తెగుతుంది, నాకు రెండుసార్లు తెగింది. అది విడిగా నాలుగు కొని పెట్టుకోండి.

నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) మీది గాడులు ఇంకాస్త ఎత్తుగానే ఉన్నాయి. ఆ పనికి సన్న ఆకురాళ్లు కావాలి, అవి నా దగ్గర లేవు. ఈ ఆదివారం ఆరాధనకు ఇలాగే తీసుకెళ్తున్నా.