ఫ్రీ ఎవరు చేస్తారు?

జర్మనీలో మా జట్టు నడిపే సర్వర్ సి భాషలో రాసినది. ఎన్నో దేశాల వాళ్లు వచ్చి, రాసి, వెళ్లిపోయిన కోడ్. రిక్వెస్ట్ వచ్చి ఒక బఫర్‌లో, అంటే మెమరీలోని తాత్కాలిక చోట, పడుతుంది. దాన్ని విడదీసే ఫంక్షన్, ఏ సైటు కావాలో చెప్పే ‘హోస్ట్’ విలువను స్ట్ర్‌డప్‌తో కాపీ చేస్తుంది. చిన్న అక్షరాల్లోకి మార్చే ఫంక్షన్ మరో కాపీ తీస్తుంది. లాగ్ రాసేది మూడోది తీసుకుంటుంది. ప్రతిసారీ అక్షరాల వరుస ముగింపును చూపే సున్నా బైటు దాకా పొడవు లెక్కపెట్టాలి, మాలక్‌తో చోటు అడగాలి, బైట్లన్నీ మోయాలి. ఫ్రీ చేయడం, అంటే ఆ చోటు తిరిగి ఇచ్చేయడం, మరిచిపోతే మెమరీ మెల్లగా కారిపోతుంది, ఆ భారం రాత్రి డ్యూటీలో ఉన్నవారిది.

ఇందులో సగం మొహమాటమే అనిపిస్తుంది నాకు. ఊరు కొత్త, భాష కొత్త. ‘ఈ పాయింటర్ ఎవరిది?’ అని, అంటే ఈ చిరునామాలోని మెమరీ ఎవరి బాధ్యత అని, అడగడానికి నోరు రాదు. సొంత కాపీ తీసుకుంటే ఎవరితోనూ పేచీ ఉండదు.

హనుమకొండలో ఇంజనీరింగ్ చదువుతున్న మా చిన్నమ్మ కొడుకు మొన్న ఫోన్‌లో అదే అన్నాడు: “కాపీ తీస్తే భద్రం కదా అన్నా?”

బాబాయి ఏటా ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళతారు. “బేరానికి వచ్చిన ప్రతివాడూ మీ మిర్చిని తన బస్తాలో పోసుకుని చూస్తాడా? ఏ బస్తా, ఎంత బరువు అని చీటీ రాసుకుంటే చాలదూ?” అన్నాను. ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో స్ట్రింగ్ (అక్షరాల వరుస) అంటే అంతే: ఒక పొడవు, ఒక పాయింటర్. బైట్లు వచ్చిన బఫర్‌లోనే ఉంటాయి, సున్నా కోసం వెతుకులాట ఉండదు. అపాచీ అనే మరో వెబ్ సర్వర్ అయితే ఒక్కో రిక్వెస్ట్‌కు ఒక పూల్ (ఉమ్మడి మెమరీ నిల్వ) పెట్టి, పని ముగిశాక మొత్తం ఒకేసారి వదిలేస్తుంది.

“మరి బస్తా లారీ ఎక్కిపోయాక ఆ చీటీ దేనికి?”

గడుసువాడు. రిక్వెస్ట్ ముగిశాక కూడా ఉండాల్సిన విలువకు, సెషన్ పట్టికలో పెట్టే పేరులాంటి దానికి, కాపీ తప్పదు. లేకపోతే ఆ పాయింటర్ చూపేచోట ఇంకెవరి డేటానో ఉంటుంది. పూల్ వాడే కోడ్‌లో ఈ తప్పు, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్‌కు కూడా చిక్కకపోవచ్చు.

ఇప్పుడు మా దగ్గర ప్రతి ఫంక్షన్ పైనా ఒక వాక్యం రాయాలి: ఈ మెమరీ ఎవరిది, ఎంతసేపు ఉంటుంది. ఈమధ్య చేరిన పోలండ్ అమ్మాయికి మొహమాటం లేదు. ఆ వాక్యం లేని చోటల్లా ‘ఫ్రీ ఎవరు చేస్తారు?’ అని రాసి పంపుతోంది. చాలావాటికి జట్టులో పాతవాళ్ల దగ్గరా జవాబు లేదు.